డిగ్రీకీ ఓ ఊరుంటుంది

బడులకు, కోర్టులకు ఎండాకాలం సెలవులుంటాయి. స్టేషన్ ఘన్‌పూర్‌లో కంప్యూటర్లకు మాత్రం అసలు పని తగిలేది అప్పుడే. మాఘంలో మొదలైన పెళ్లిళ్లు వైశాఖం వచ్చేసరికి ఊపందుకుంటాయి. మంచి ముహూర్తం ఉన్న రోజున మండలంలో ఖాళీ కెమెరా దొరకదు. పెళ్లి ఒక్క పూటలో అయిపోతుంది గానీ దాని వీడియో తేలడానికి వారాలు పడుతుంది. మైలపోలు నుంచి బరాత్ దాకా మూడు నాలుగు కెమెరాలు తీసిందంతా ఒకచోట పోసి, కోసి, అతికి, పాటలు కలిపి, రంగులు దిద్ది, చివరికి రెండర్‌కు పెట్టాలి. రెండర్ అంటే ప్రాసెసర్‌లోని కోర్లన్నీ గంటల తరబడి తెరిపి లేకుండా పనిచేయడం. ఏడాది మొత్తంలో ఈ ఊరి ప్రాసెసర్లు పూర్తి బరువు మోసేది సరిగ్గా ఆ రోజుల్లోనే, బయట నీడపట్టునే నలభై మూడు డిగ్రీలు ఉన్నప్పుడు. పంచాంగం రాసే సిద్ధాంతులకు ప్రాసెసర్ల సంగతి పట్టదు. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ వాళ్లకు మన పంచాంగం పట్టదు. వీళ్లిద్దరి మధ్యా ఇరుక్కున్నది మా అల్లుడు.

అల్లుడంటే మా అక్క కొడుకు. చిన్న స్టూడియో నడుపుతాడు. పాత కంప్యూటర్ మీద మిక్సింగ్ చేయలేక, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంతస్తులన్నీ తిరిగి బేరమాడి, విడిభాగాలు కొని ప్యాసింజర్ బండిలో తెచ్చుకున్నాడు. తనే బిగించుకున్నాడు. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్, దాని డబ్బాలోనే వచ్చిన ఫ్యాను, మధ్యరకం బోర్డు. విండోస్ ఎక్కించగానే, కొత్తగా కంప్యూటర్ కట్టుకున్న ప్రతివాడూ చేసే పనే చేశాడు: ఉష్ణోగ్రతలు చూపించే ప్రోగ్రాం ఒకటి వేసుకున్నాడు. ఆ తర్వాత నాకు ఫోన్.

"మామా, బోర్డు కాలిపోతాంది. నూట ఇరవై ఏడు సూపెడ్తాంది."

"చెయ్యి పెట్టి చూసినవా?"

"పెట్టిన. సల్లగనే ఉన్నది. గందుకే ఇంక భయమైతాంది."

చేతికి చల్లగా తగిలిన వస్తువు తెరమీద మండిపోతుంటే మనిషి చేతిని అనుమానిస్తాడు, తెరను కాదు. పాతికేళ్లుగా ఈ పెట్టెలతో వేగుతున్నవాణ్ని కాబట్టి నాకు వింతేమీ అనిపించలేదు. వాడికి తెరమీద కనబడే వరసలన్నీ ఎవరో ఒకరు కొలిచి చెబుతున్న నిజాలే. అసలు చిక్కంతా అక్కడుంది. ఆ వరసల్లో కొన్నింటి వెనుక కొలిచేవాడే లేడు.

మదర్‌బోర్డు మీద ఒక మూలన చిన్న చిప్ ఉంటుంది. ఎక్కువగా నువోటాన్, ఐటీఈ అనే తైవాన్ కంపెనీలవి కనిపిస్తాయి. ఫ్యాన్ల వేగం, వోల్టేజీలు, ఉష్ణోగ్రతలు కనిపెట్టుకుని ఉండటం దాని పని. ఉష్ణోగ్రత తెలియడానికి దాని కాళ్లలో కొన్నింటికి థర్మిస్టర్లు కలుపుతారు. వేడెక్కేకొద్దీ వాటి నిరోధం తగ్గుతుంది, ఆ తగ్గుదలను బట్టి చిప్ డిగ్రీలు లెక్కగడుతుంది. బోర్డు తయారుచేసినవాళ్లు ఖర్చు చూసుకుని అందులో రెండు మూడు కాళ్లకే థర్మిస్టర్లు పెడతారు. మిగతా కాళ్లు ఖాళీ. ఆ సంగతి చిప్‌కు తెలియదు. అడిగితే ఏదో ఒక అంకె చెప్పి తీరాలి. ఆ అంకెకున్న ఎనిమిది బిట్లలో ప్లస్, మైనస్ గుర్తుకు ఒకటి పోతే పట్టే అతిపెద్ద అంకె 127, అతిచిన్నది మైనస్ 128. అందుకే కొందరి బోర్డు నిప్పుల కుంపటిలో ఉన్నట్టు కనబడుతుంది, ఇంకొందరిది అంటార్కిటికాలో కూడా ఎన్నడూ నమోదుకానంత చలిలో వణుకుతూ కనబడుతుంది. రెండు చోట్లా జరుగుతున్నది ఒకటే. అక్కడ ఎవరూ లేరు.

వరసల పక్కన ఉండే పేర్లు ఇంకో తమాషా. సిస్‌టిన్, ఆక్స్‌టిన్ అని ఏవో ఉంటాయి. ఏ కంపెనీ బోర్డులో ఏ కాలికి ఏది కలిపారో ప్రోగ్రాం రాసినవాళ్లకు చాలాసార్లు తెలియదు. కాళ్లకున్న పేర్లే తెచ్చి తెరమీద పెడతారు. మరి నిజమైన వరసలేవో ఎలా తెలుస్తుంది? అల్లుణ్ని ఒక రెండర్ మొదలుపెట్టమన్నాను. కళ్లు మూసి తెరిచేలోగా ఎగిరి కూర్చున్న వరసలు ప్రాసెసర్‌వి. పది నిమిషాలపాటు ఒక్కో డిగ్రీ ఎక్కుతూ పోయినవి బోర్డువి. ఏం చేసినా కదలనివీ, పని ఉన్నా లేకున్నా పిచ్చిగా గెంతేవీ ఎవరివీ కావు. 127 అలాగే కూర్చుంది.

ఎగిరి కూర్చోవడం గురించి కూడా కొత్తవాళ్లు కంగారుపడతారు. బ్రౌజర్ తెరిచిన పాపానికి నలభై నుంచి అరవైకి పోతుందేమిటని. ప్రాసెసర్‌లో పని జరిగే సిలికాన్ ముక్క బొటనవేలి గోరంత. అంత చిన్న ముక్కలోకి ఒక్కసారిగా నలభై యాభై వాట్లు దూరితే అది వేడెక్కడానికి సెకను కూడా పట్టదు, పని ఆగగానే దిగడానికీ పట్టదు. బోర్డు అలా కాదు. రాగి పొరలు, ఫైబరు, లోహపు దిమ్మెలు అన్నీ కలిసి వేడిని నెమ్మదిగా తాగుతాయి, నెమ్మదిగా వదులుతాయి. ఒకే పెట్టెలో రెండు కాలమానాలు నడుస్తుంటాయి. వాటిని పక్కపక్కన రెండు వరసల్లో చూసి పోల్చడంలో పెద్దగా అర్థం లేదు.

సరే, ప్రాసెసర్ వరస నిజమైనదే. దాన్నైనా పూర్తిగా నమ్మొచ్చా అంటే, అక్కడ ఇంకా మంచి కథ ఉంది.

ఇంటెల్ ప్రాసెసర్ లోపల ఉండే సెన్సర్‌కు తాను ఎన్ని డిగ్రీల వేడిలో ఉన్నదో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: హద్దుకు ఎంత దూరంలో ఉన్నదీ. ఈ 12400కు ఆ హద్దు 100 డిగ్రీలు. సెన్సర్ చెప్పేది "ఇంకా ముప్పై ఉంది", "ఇంకా పందొమ్మిది ఉంది" అని మాత్రమే. సున్నా అన్నదంటే హద్దు ముట్టినట్టు. మనం తెరమీద చూసే 70, 81 అనేవి ప్రోగ్రాం వందలోంచి ఆ దూరాన్ని తీసేసి మన సౌకర్యం కోసం కట్టిన లెక్కలు. పైగా ఆ సెన్సర్‌కు హద్దు దగ్గరపడేకొద్దీ చూపు చక్కగా ఉంటుంది, దూరమయ్యేకొద్దీ మసకబారుతుంది. చలికాలం పొద్దున ఖాళీగా ఉన్న ప్రాసెసర్ 19 డిగ్రీలని చెబుతుంది, అప్పుడు గదిలో 22 ఉంటుంది. గాలి ఫ్యానుతో చల్లబడే వస్తువు గదికంటే చల్లగా ఉండటం జరగని పని. సెన్సర్ అబద్ధమాడటం లేదు. అంత దూరం నుంచి దానికి హద్దు సరిగా కనబడటం లేదంతే.

వెనక్కి లెక్కపెట్టే ఈ పద్ధతి ఇంజనీర్ల వింత బుద్ధి అనుకునేవాణ్ని. తర్వాత ఆండర్స్ సెల్సియస్ సంగతి గుర్తుకొచ్చింది. స్వీడన్‌లోని ఉప్సలాలో 1742లో ఆయన తన కొలతను ప్రకటించినప్పుడు నీళ్లు మరిగే చోట సున్నా పెట్టాడు, గడ్డకట్టే చోట వంద పెట్టాడు. ఎండ పెరిగేకొద్దీ డిగ్రీలు తగ్గుతాయన్నమాట. 1744లో ఆయన పోయిన కొద్దికాలానికే మిగతావాళ్లు దాన్ని తలకిందులు చేసి ఇప్పుడు మనకున్న రూపానికి తెచ్చారు. ఇంటెల్ సెన్సర్ తెలియకుండానే అసలు సెల్సియస్ దగ్గరికి వెళ్లింది. ఆ పాత కొలతే మిగిలి ఉంటే మా అల్లుడి ప్రాసెసర్ తిన్నగా "ఇంకా పందొమ్మిది" అని చెప్పేది, మధ్యలో తీసివేతల అవసరం ఉండేది కాదు.

ప్రాసెసర్లు చేసే మరో కంపెనీ ఏఎమ్‌డీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2017లో రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్ మార్కెట్లోకి వచ్చినప్పుడు కొన్నవాళ్లంతా వేడి ఎక్కువగా ఉందని గగ్గోలు పెట్టారు. అప్పుడు కంపెనీ చల్లగా చెప్పింది, ఈ రకాలు చూపించే ఉష్ణోగ్రత అసలుకంటే 20 డిగ్రీలు ఎక్కువ అని, కావాలనే కలిపామని. అన్ని రకాల ప్రాసెసర్లకూ ఫ్యాన్లు ఒకే తీరులో స్పందించాలని చేసిన ఏర్పాటు అది. ఫ్యాన్‌కోసం చెప్పిన మాటను మనుషులు విని బెంబేలెత్తారు. ఆ వరస మనల్ని ఉద్దేశించి రాసింది కాదని ఎంతమందికి తోస్తుంది?

ఇక గది. నా మటుకు నాకు, ఈ మొత్తం వ్యవహారంలో అందరూ మర్చిపోయేది గదినే.

ఫ్యాను, దాని కింది లోహపు దిమ్మె ఎంత మంచివైనా ప్రాసెసర్‌ను గదికంటే చల్లగా చేయలేవు. ప్రాసెసర్ వేడిని గది గాల్లోకి తోసెయ్యడం మాత్రమే వాటికి చేతనైన పని. ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో దాన్నిబట్టి గదికీ ప్రాసెసర్‌కూ మధ్య ఒక తేడా ఏర్పడుతుంది. పని అదే, ఫ్యాన్ వేగం అదే అయితే ఆ తేడా ఇంచుమించు మారదు. వేడి పెరిగినకొద్దీ చిప్‌లో కరెంటు కాస్త ఎక్కువ కారుతుంది కాబట్టి "ఇంచుమించు" అంటున్నాను. అల్లుడి కంప్యూటర్‌లో ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టి, ఎప్పుడూ అదే పెళ్లి వీడియోను రెండర్ చేసి చూశాం. మధ్యాహ్నం గది 41, ప్రాసెసర్ 81. కూలర్ వేసి గదిని 31కి దించితే ప్రాసెసర్ 71. రెండు చోట్లా తేడా నలభయ్యే.

ఇప్పుడు, ఎక్కడో చల్లటి దేశంలో కూర్చున్నవాడు "రెండర్ చేసేటప్పుడు అరవై దాటకూడదు, దాటితే నీ కూలింగ్ బాగాలేదు" అని పట్టిక రాశాడనుకోండి. వాడి గది ఇరవై. వాడి అరవై, మావాడి ఎనభై ఒకటి ఇంచుమించు ఒకే యంత్రపు ఆరోగ్యం. జ్వరమైతే ఇలా ఉండదు. నూట రెండు జ్వరం స్టేషన్ ఘన్‌పూర్‌లోనైనా స్టాక్‌హోంలోనైనా నూట రెండే, ఎందుకంటే బయట ఎండ ఎంతున్నా చలి ఎంతున్నా ఒళ్లు తన వేడిని తాను తొంభై ఎనిమిదిన్నర దగ్గర పట్టి ఉంచుకుంటుంది. అందుకే డాక్టరు మన గది ఎంత వేడిగా ఉందని అడగడు. కంప్యూటర్‌కు ఆ శక్తి లేదు. దాని డిగ్రీలో సగం తనది, సగం ఊరిది. ఊరి వాటా తీసెయ్యకుండా చదివితే నింద యంత్రం మీద పడుతుంది.

ఊరి వాటా ఎంతో తెలుసుకోవడం కూడా అంత తేలిక కాదు. పేపర్లో హన్మకొండ 43 అని వేస్తారు. అది వాతావరణ శాఖ వాళ్లు నేలకు నాలుగడుగుల పైన, గాలాడే సందులున్న తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో కొలిచిన గాలి. ఆ పెట్టెను రూపొందించింది థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు, 'ట్రెజర్ ఐలాండ్' నవల రాసిన రాబర్ట్ లూయిస్ స్టీవెన్‌సన్ తండ్రి. కొడుకు సముద్రపు దొంగల్ని కనిపెడితే తండ్రి థర్మామీటర్లకు ఇల్లు కట్టాడు. మా అల్లుడి స్టూడియోకు ఆ పెట్టె లక్షణాలు ఒక్కటీ లేవు. స్లాబు పైకప్పు, ఒకే కిటికీ, దానికీ ఫొటోల వెలుతురు కోసం నల్లగుడ్డ. ఎండకాలంలో వాడు "పగలంతా ఎండ, రాత్రి పూట రెండర్ పెడ్త" అని తెలివిగా అనుకునేవాడు. గోడకు ఒక థర్మామీటర్ తగిలించాక తెలిసింది, పగలంతా స్లాబు తాగిన ఎండ గదిలోకి దిగేది చీకటిపడ్డాకేనని. రాత్రి తొమ్మిదింటికి మిద్దెమీద గాలి హాయిగా ఉంటే కింద గదిలో 38. కాస్త చల్లబడేది తెల్లవారుజామున. మా నాయనమ్మ వాళ్ల గూనపెంకుటింట్లో అయితే లెక్క ఇంకోలా ఉండేది, మట్టిగోడలు ఎండను అంత తొందరగా లోపలికి రానిచ్చేవి కావు. కానీ ఆ ఇంట్లో ప్లగ్గు పాయింటు ఒక్కటే ఉండేది, అది వేరే సంగతి.

కూలర్ గురించి ఒక మాట. మే నెల పొడిగాలికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గడ్డిమీది నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుపోతాయి. తొలకరి పడి గాలిలో తేమ నిండాక అదే కూలర్ చెమటతప్ప ఏమీ ఇవ్వదు. మే నెలలో కూడా దాని మూతి నేరుగా కంప్యూటర్ మీదికి తిప్పితే తుంపర పడుతుంది. గదికి పెట్టాలి, పెట్టెకు కాదు.

ప్రాసెసర్‌లోకి పోయిన కరెంటు ఎక్కడికి పోతుందని అల్లుడు అడిగాడు ఓసారి. పెళ్లి వీడియోలోకి పోతుందని వాడి ఊహ. వీడియోలోకి పోయేదేమీ లేదు. 65 వాట్లు తీసుకుంటే 65 వాట్లూ వేడిగా గదిలోకే వస్తాయి. మనకు ఇంకో ఘన్‌పూర్ ఉంది, భూపాలపల్లి జిల్లాలో ములుగు వైపు. ఆ మండలంలోని చెల్పూరు దగ్గరే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు. గ్రిడ్‌లో ఎవరి కరెంటు ఎవరికి అందుతుందో చెప్పలేం గానీ, బొగ్గును కాల్చే ఏ కేంద్రంలోనైనా బొగ్గులోని శక్తిలో మూడోవంతు కంటే కాస్త ఎక్కువే కరెంటవుతుంది. మిగతాది పొగగొట్టం గుండా, కూలింగ్ టవర్ల గుండా ఆకాశంలోకి పోతుంది. ఆ ఘన్‌పూర్‌లో వేడిలోంచి కష్టపడి కరెంటు పిండుతారు. ఈ ఘన్‌పూర్‌లో మా అల్లుడు దాన్ని మళ్లీ వేడి చేసి, ఆ వేడిని బయటికి తోయడానికి కూలర్ వేసి, కూలర్‌కు ఇంకొంత కరెంటు వాడతాడు.

వేడే లేకుండా లెక్కలు చేయలేమా? దీనికి 1961లో ఐబీఎమ్‌లో పనిచేసే రాల్ఫ్ లాండవర్ ఒక సమాధానం ఇచ్చాడు. ఒక్క బిట్‌ను చెరిపినా కొంత వేడి పుట్టి తీరుతుంది అన్నాడు. ఎంత? చాలా చాలా తక్కువ, ఇప్పటి చిప్‌లు ఖర్చుపెట్టే దానిలో వేలవంతు కూడా ఉండదు. 2012లో ప్రయోగం చేసి కూడా చూశారు, నిజమేనని తేలింది. నాకు ఆ సూత్రంలో నచ్చింది వేరే. ఆ కనీసపు వేడి చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. డిసెంబరులో 21 డిగ్రీల గదిలో చెరిపిన బిట్ కంటే మేలో 41 డిగ్రీల గదిలో చెరిపిన బిట్‌కు దాదాపు ఏడు శాతం ఎక్కువ మూల్యం. మన ఫ్యాన్లు, పేస్టులు, కంపెనీల గొప్పలు అన్నీ పక్కన పెట్టినా, ప్రకృతి నియమంలోనే ఊరి ఎండకు చోటుంది.

పేస్టు అన్నాను కదా. ప్రాసెసర్ మూతకూ లోహపు దిమ్మెకూ మధ్య పూసే బూడిదరంగు ముద్ద. కొత్తవాళ్లు అదేదో చల్లదనాన్నిచ్చే మందు అనుకుని మందంగా పట్టిస్తారు. వేడిని మోసే శక్తిలో రాగికి దాదాపు 400 మార్కులు వేస్తే అల్యూమినియానికి 200 పైచిలుకు పడతాయి. ఇత్తడికి 110 అటూఇటూ. అందుకే మాకు పక్కనే పెంబర్తిలో కాకతీయుల కాలంనాటి పనితనంతో ఇత్తడి రేకుమీద ఏనుగుల్ని, తోరణాల్ని లేపే కళాకారులున్నా, ప్రాసెసర్‌కు ఇత్తడి దిమ్మె ఎవరూ పెట్టరు. అదే లెక్కలో పేస్టుకు నాలుగో, ఎనిమిదో. గాలికి 0.025. అంటే పేస్టు స్వతహాగా ఏమంత గొప్పది కాదు. రెండు లోహాల మధ్య కంటికి కనబడని గుంటల్లో దాక్కున్న గాలికంటే నయం, అంతే. గుంటలు నిండాక ఆపైన పూసిన ప్రతి పొరా అడ్డమే. శనగగింజంత చాలు. దిమ్మె అడుగున అంటించి పంపే ప్లాస్టిక్ కాగితం పీకారో లేదో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. కొత్త కంప్యూటర్ ఆన్ చేయగానే తొంభైకి పరిగెత్తితే మొదటి అనుమానం దానిమీదే, రెండోది ఫ్యాను నాలుగు కాళ్లలో సరిగా దిగని కాలిమీద.

డబ్బాలో వచ్చే ఆ మామూలు ఫ్యానును అందరూ చిన్నచూపు చూస్తారు. దానిది ఒక మంచి గుణం ఉంది. అది గాలిని కిందికి ఊదుతుంది. ప్రాసెసర్‌ను దాటిన గాలి చుట్టూ బోర్డుమీద పరుచుకుంటుంది. ప్రాసెసర్ పక్కనే వరసగా ఉండే చిన్న నల్లటి చిప్‌లు 12 వోల్టులను ఒక వోల్టు పైచిలుకుకు దించి పదుల ఆంపియర్ల కరెంటును ప్రాసెసర్‌కు పోస్తుంటాయి. బోర్డుమీద అత్యంత వేడెక్కే చోటు అదే. వేలకు వేలు పోసి పెద్ద టవర్ కూలరో, నీళ్ల కూలరో పెట్టినప్పుడు ప్రాసెసర్ డిగ్రీలు దిగి యజమాని మురిసిపోతాడు, ఆ నల్ల చిప్‌లకు మాత్రం గాలి తగలదు. చవక బోర్డుల్లో వాటి దగ్గర సెన్సర్ కూడా ఉండదు. అల్లుడి తెరమీద ఎవరూ లేని చోటుకు 127 అని వరస ఉంది. నిజంగా కాలే చోటుకు అసలు వరసే లేదు.

ఇంతకీ ఎక్కువ వేడికి ఏమవుతుంది, కాలిపోతుందా? పూర్వం కాలేవి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్లోంచి దిమ్మెను ఊడబీకి వీడియో తీశారు. ఏఎమ్‌డీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోయింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం నెమ్మదించి, ఆడుతున్న ఆటను ఈడ్చుకుంటూ బతికి బయటపడింది. ఆ తర్వాత అందరూ ఆ దారికే వచ్చారు. ఇప్పటి ప్రాసెసర్ హద్దును ముట్టబోతుంటే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అదీ సరిపోకపోతే ఆగిపోతుంది. 2022లో రైజెన్ 7000 రకాలు తెచ్చినప్పుడు ఏఎమ్‌డీ వాళ్లు, పూర్తి బరువు మీద 95 డిగ్రీల దగ్గర నడవడం మా డిజైనే, కంగారొద్దన్నారు. కాబట్టి మే నెలలో మా అల్లుడికి జరిగే నష్టం మంటలు కాదు, ఆలస్యం. పెళ్లికూతురి తరఫువాళ్లు "ఎల్లుండి అంటివి గదా తమ్మీ" అని స్టూడియో గడప మీద కూర్చోవడం.

వేడి నిజంగా దెబ్బతీసేది మెల్లగా, బోర్డును. 2000ల మొదటి సగంలో హన్మకొండ ఇంటర్నెట్ సెంటర్లలో పనిచేసినవాళ్లకు ఉబ్బిన కెపాసిటర్లు గుర్తుండే ఉంటాయి. తలలు పొంగి, గోధుమరంగు రసం కారుతూ. ఆ కాలంలో ప్రపంచమంతా నాసిరకం రసాయనంతో చేసినవి బోర్డుల్లోకి వచ్చాయి, అది అసలు కారణం. గదుల వేడి వాటిని ఇంకా ముందే చంపింది. ద్రవం ఉండే కెపాసిటర్‌కు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. ఇప్పటి బోర్డుల్లో ఘనరూపంలోవి వాడుతున్నారు, అవి చాలా గట్టివి. అయినా ప్రాసెసర్ 81 చూసి నిద్రపోనివాడు, బోర్డు 62 చూసి "చల్లగానే ఉంది" అనుకుంటాడు. నేనైతే రెండోదాన్నే ఎక్కువ గమనిస్తాను.

అల్లుడికి నేను నేర్పింది చివరికి ఒక్క పని. ఆర్డర్లు రాసుకునే పుస్తకం వెనక పేజీలో ప్రాసెసర్ డిగ్రీ రాసిన ప్రతిసారీ పక్కన గది డిగ్రీ కూడా రాయమన్నాను. మొదట్లో విసుక్కున్నాడు. పత్తి తీతలు అయి, వరికోతలు అయి, చలి ముదిరాక డిసెంబరులో ఓ రాత్రి ఫోన్ చేశాడు. అదే వీడియో, అదే ఫ్యాన్ వేగం. ప్రాసెసర్ 70.

"ఎండకాలం ఎనభై ఒకటుండె, ఇప్పుడు డెబ్బయే. కానీ గది ఇరవై ఒకటే ఉన్నది మామా."

తేడా నలభై తొమ్మిది. మేలో అందరూ భయపడిన 81 కంటే డిసెంబరులో ఎవరూ పట్టించుకోని ఈ 70లోనే రోగం ఉంది. పెట్టె విప్పి చూస్తే అనుకున్నట్టే, ఫ్యాను కింద దిమ్మె రెక్కల మధ్య పత్తి నూగు, వరి దుమ్ము, హైవే మట్టి కలిసి కంబళి నేసినట్టు పట్టింది. బ్రష్‌తో రాలేది కాదు. రోడ్డుమీద పంక్చర్ షాపుకు మోసుకుపోయాడు. ముందు పైపులో ఉన్న నీళ్లు పోయేదాకా బయటికి వదిలించి, గాలి తగిలి పిచ్చిగా తిరగకుండా ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని, ఇక కొట్టమన్నాడు. షాపాయన అలవాటు కొద్దీ మీటర్ వైపు చూసి అడిగాడట, "ఎంత కొట్టాలె?" అని.

"అంకె వద్దన్నా, జర దూరంకెళ్లి కొట్టు."